ఊట

గట్టు ఒక్క రాత్రిలో తెగదండి డాక్టరుగారూ.
తెగిన రాత్రినే జనం గుర్తుపెట్టుకుంటారు.

పద్దెనిమిదేళ్లుగా కాలువ లస్కరుని నేను.
మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం, ఖాకీ చొక్కా,
నాలుగు సెల్లుల టార్చిలైటు,
చెప్పకుండా వదిలిపోయిన ఇంకొకటీ
అన్నీ నాకే సంక్రమించాయి.
ఆయన కాగితం మీద టీబీ అని మాత్రమే రాశారు.

మొదట ఎండ్రకాయ తవ్వుతుందండి.
బొటనవేలంత బొక్క.
నీళ్లు అటు దూరి ఇటు చెమ్మగా తేలతాయి.
ఊట అంటాం దాన్ని.
ఊట ఉన్నచోట గడ్డి ఇంకాస్త పచ్చగా ఉంటుంది.
దారినపోయేవాళ్లు
"గట్టు భలే ఉందే" అనుకుంటూ పోతారు.

నాకూ అంతే.
ఒక వారం జ్వరం, మెడ కింద బిళ్లలు,
ఊళ్లో ఆరెంపీ పొడిచిన రెండు సూదులు.
తర్వాత తొమ్మిదేళ్లు ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడమే జబ్బని
ఎవరికి తెలుసు?

మీరు చెప్పాకే అర్థమైంది.
దొంగ గట్టుకి కన్నం వెయ్యలేదు,
లస్కర్ల పాకలోకే దూరాడు.
వాళ్ల చొక్కా తొడుక్కుని, వాళ్ల కూడు తిని,
వాళ్ల కడుపునే వేలుగా పుట్టాడు.
కంచె చేను మేసిందంటారు,
పాపం, ఇక్కడ కంచెనే మేసేశారు.
మొదటి గండి పేగుల్లో పడిందట,
నేను చద్దన్నం తిని
హాయిగా తేన్చిన రోజుల్లోనే.

ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చి
తీసెయ్యడం మరిచిపోతే ఎలా ఉంటుంది?
తొమ్మిదేళ్లు ఇసుక బస్తాలు మొయ్యడం,
నీడ కదిలితే ఉరకడం.
ఒక్క వరదరాత్రి మేలుకుంటేనే
మర్నాడు నా చేతులు వణుకుతాయి.
దొంగ చేతిలో పోయినవాళ్లు కొందరేనట,
జాగారంతో అరిగిపోయినవాళ్లే ఎక్కువట.

ఆవగింజంత రక్తంలో
వెయ్యిమంది దాకా ఉండాల్సిన చోట
నూట నలభై ఒక్కరు.

శివారు చేలల్లో చూడండి,
కాలువ నీరు సన్నబడితే
ఉప్పు అడక్కుండా పైకొస్తుంది.
సముద్రం కొత్తగా వచ్చిందా?
ఎప్పుడూ అక్కడే ఉంది.
నోట్లో తెల్లపూతా, నడుం చుట్టూ సర్పీ,
ఆయన్ని తీసుకుపోయిన ఆ దగ్గూ
ఏవీ కొత్తవి కావు,
ఇన్నాళ్లూ గుమ్మం బయట కూర్చున్నవే.

పదకొండేళ్లుగా రాత్రి తొమ్మిదికి మాత్ర.
లాకు దగ్గర, టార్చి ఆర్పేసి.
నాలుగొందల ఎనభై దాకా ఎక్కాయి,
ఆపైన ఎక్కనంటున్నాయి.
కాగితంలో "వైరస్ కనపడలేదు" అని ఉంది.
ఆయ్, చదువుకున్నాను.
ఏప్రిల్లో కాలువ కట్టేశాక
గుర్రపుడెక్కా కనపడదండి,
అడుగు మట్టి నెర్రెలిచ్చి శుభ్రంగా ఉంటుంది.
విత్తనం ఆ నెర్రెల్లోనే పడుకునుంటుంది,
నీళ్ల కబురు కోసం.
అందుకే ఒక్క రాత్రీ మానను.

అయినా లోపల చెమ్మ పూర్తిగా ఆరదట.
సన్నటి సెగ ఒకటి మిగులుతుందట.
నలభై ఏడుకే మోకాళ్లు మా అత్తగారివైపోయాయి,
గుండెకీ ఫోటో తీయించమన్నారు మీరు.
తీయిస్తాను.

మొన్న కొత్త కుర్రాడు ఏసుదాసు అడిగాడు,
"నీళ్లు ఇటుంటే
నువ్వు చేల వైపు చూస్తూ నడుస్తావేంటి పిన్నీ?"
నీళ్ల వైపు అందరూ చూస్తార్రా అన్నాను.
పొడిగా ఉన్న వైపు చెయ్యి పెట్టి చూడు,
చల్లగా తగిలితే అక్కడ కూర్చో.
గడ్డీ బంకమన్నూ కలిపి తొక్కాం,
మడమతో, చీకటిపడేదాకా.
ఎందుకు నేర్చుకున్నానో వాడికి చెప్పలేదు.

టోకెన్ నంబరుతోనే పిలుస్తారిక్కడ, మంచిదే.
పుస్తకంలో మాత్రం పేరు సరిగ్గా రాయండి,
పెచ్చెట్టి మంగతాయారు.
మూడు నెలల మాత్రలూ ఒకేసారి ఇప్పించండి.
రెండున్నర బస్సు దాటితే
పొద్దువాలేలోగా
పన్నెండో కిలోమీటరు చూడలేను.